అల్లం బుడగలు, బొబ్బర్ల వైరస్: పెద్దపేగు క్యాన్సర్‌కు మొక్కల నానో మందు ఎంత దూరంలో ఉంది?

అల్లాన్ని కడిగి, మిక్సీలో రుబ్బి, రసం పిండడం వరకు వంటింటి పనే. అమెరికాలోని అట్లాంటాలో, జార్జియా స్టేట్ యూనివర్సిటీలో డిడియే మెర్లాన్ బృందం చేసిన ప్రయోగం కూడా అలాగే మొదలైంది. దారి మారేది ఆ తర్వాతే. రసాన్ని గొట్టాల్లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ముందు నెమ్మదిగా తిప్పితే పీచు, పిండి అడుగుకు దిగుతాయి. పైన తేరిన రసాన్ని తీసి ఇంకా వేగంగా, చివరికి భూమ్యాకర్షణకు లక్షన్నర రెట్ల బలం పడేంత వేగంగా తిప్పుతారు. అప్పుడు అడుగున మిగిలినదాన్ని చిక్కదనం వేర్వేరుగా ఉన్న చక్కెర ద్రావణాల పొరల మీద పోసి మళ్లీ తిప్పితే, అది సాంద్రతను బట్టి పట్టీలుగా విడిపోతుంది. అందులో రెండో పట్టీని వేరుచేసి చూస్తే సుమారు 230 నానోమీటర్ల సైజున్న బుడగలు కనిపించాయి. అంటే తలవెంట్రుక మందంలో మూడు నాలుగు వందల వంతు. చుట్టూ కొవ్వు పొర. లోపల కొద్దిగా ప్రొటీన్, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువులు), అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్, షోగాల్.

2016లో అచ్చయిన ఈ పరిశోధనలో బుడగలను ఎలుకలకు నోటి ద్వారా పట్టించారు. అవి పెద్దపేగు గోడ కణాల్లోకీ, అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాల్లోకీ చేరాయి. వాపును ఎగదోసే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్లు తగ్గాయి. వాపును చల్లార్చే ఇంటర్‌ల్యూకిన్-10, పేగు పొరను బాగుచేసే ఇంటర్‌ల్యూకిన్-22 పెరిగాయి. పేగువాపు ముదిరి క్యాన్సర్‌గా మారే ఎలుకల్లో గడ్డలు తగ్గాయి. అల్లంతో క్యాన్సర్‌కు చెక్ అనే తరహా హెడ్డింగులకు మూలం ఇలాంటి ప్రయోగాలే.

ప్రయోగం గట్టిదే. కానీ ఆ ఎలుకలకు వచ్చినది ఏ క్యాన్సర్ అన్నది హెడ్డింగుల్లో ఉండదు. వాటికి అజాక్సీమీథేన్ అనే రసాయనాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తారు. తర్వాత తాగే నీళ్లలో డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ కలిపి పేగును మళ్లీ మళ్లీ పుండు చేస్తారు. పెద్దపేగు వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ లాంటి జబ్బు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు వచ్చే క్యాన్సర్‌కు ఇది నమూనా. మనుషుల్లో వచ్చే పెద్దపేగు క్యాన్సర్లలో ఈ రకం ఒకటి రెండు శాతమే. మిగతావాటిలో ఎక్కువ భాగం పేగు లోపలి పొరలో చిన్న పాలిప్‌గా, అంటే కండ మొలకగా మొదలవుతాయి. ఏపీసీ లాంటి జన్యువులు దెబ్బతిని, సుమారు పదేళ్లలో అది క్యాన్సర్‌గా ముదురుతుంది. పేగువాపును తగ్గించే మందు మొదటి రకాన్ని ఆపగలిగినంత మాత్రాన రెండో రకాన్నీ ఆపుతుందన్న హామీ లేదు.

అసలు పెద్దపేగు క్యాన్సర్‌కే నానో రేణువుల మీద ఇంత ఆశ ఎందుకు? జబ్బు భారం ఒక కారణం. 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏడాదికి 19 లక్షలకు పైగా కొత్త కేసులు, 9 లక్షలకు పైగా మరణాలు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తర్వాతి స్థానం దీనిదే. రెండో కారణం ఇప్పుడున్న కీమో తీరు. రక్తనాళంలోకి ఎక్కించిన మందు ఒళ్లంతా తిరుగుతుంది. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందుతో వేళ్లు తిమ్మిరెక్కి చల్లటి నీళ్లు ముట్టుకోలేని పరిస్థితి వస్తుంది. ఇరినోటెకాన్‌తో విరేచనాలు, 5-ఎఫ్‌యూతో నోటిపూత. మందును చిన్న రేణువులో పెట్టి పంపితే గడ్డకే ఎక్కువగా చేరుతుందన్నది నానో వైద్యం తొలినాటి ఆశ. గడ్డలోని రక్తనాళాలు కారుతూ ఉంటాయి కాబట్టి రేణువులు అక్కడ బయటికి జారి నిలిచిపోతాయని 1986లో జపాన్‌లో మత్సుమురా, మయేదా చూపించారు. 30 ఏళ్ల తర్వాత టొరంటో బృందం ఒకటి, అంతకుముందు పదేళ్లలో జంతువుల మీద వచ్చిన పరిశోధనలను కలిపి లెక్క కట్టింది. ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరినది మధ్యస్థంగా 0.7 శాతం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి.

పెద్దపేగుకు మాత్రం ఇంకో దారి ఉంది. అది బయటి ప్రపంచానికి తెరుచుకున్న గొట్టం. జీర్ణాశయం ఆమ్లాన్నీ, పైత్యరసాన్నీ, చిన్నపేగు పొడవునా ఉండే ఎంజైములనూ తట్టుకోగలిగితే, నోటితో మింగింది రక్తంలో కలవకుండానే గడ్డ పైభాగాన్ని తాకుతుంది. తిండి మొక్కల కొవ్వు బుడగలు ఈ ప్రయాణాన్ని బాగానే తట్టుకుంటున్నాయన్నది అల్లం, ద్రాక్ష, గ్రేప్‌ఫ్రూట్ ప్రయోగాల్లో కనిపించింది. మొక్కల రేణువులకు గట్టి తర్కం ఏదైనా ఉందంటే అది ఇదే. అవి సహజమైనవి కాబట్టి మంచివన్న మాటకు అంత విలువ లేదు.

అయితే ఈ తర్కంలోనే ఒక చిక్కూ ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నోటి మందు తేలిగ్గా చేరగలిగేది పేగులో ఉన్న గడ్డకు. ఆ గడ్డను చాలామందిలో ఆపరేషన్‌తో తీసేయొచ్చు. జబ్బు పేగుకే పరిమితమై ఉండగా దొరికితే అయిదేళ్లు బతికేవాళ్లు అమెరికా లెక్కల్లో 90 శాతం దాకా ఉన్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే 15 శాతం దగ్గరకు పడిపోతుంది. ప్రాణం తీసేది ఎక్కువగా కాలేయానికీ ఊపిరితిత్తులకూ చేరిన క్యాన్సర్. అక్కడికి మళ్లీ రక్తం ద్వారానే వెళ్లాలి, మళ్లీ ఆ 0.7 శాతం గోడే అడ్డం. కాబట్టి అల్లం బుడగల లాంటి వాటికి దక్కగల చోటు ఒకటుంటే, అది నాలుగో దశ రోగి మంచం పక్కన కాదు. కొలైటిస్ ఉన్నవాళ్లలో, పాలిప్‌లు పదేపదే వచ్చేవాళ్లలో క్యాన్సర్ రాకుండా చూడటం దగ్గర దొరకొచ్చు. ఇది చిన్న పాత్రేమీ కాదు. కానీ వాట్సాప్‌లో అమ్ముతున్న పాత్ర ఇది కాదు.

మెర్లాన్ బృందమే రెండో దారినీ ప్రయత్నించింది. అల్లం బుడగల్లోని కొవ్వును తీసి, దానితో కొత్త బుడగలు కట్టి, లోపల డాక్సోరూబిసిన్ అనే కీమో మందు నింపి, పైన ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను అతికించి, ఎలుకల రక్తంలోకి ఎక్కించింది. చాలా క్యాన్సర్ కణాలు ఫోలిక్ యాసిడ్‌ను ఆబగా లాక్కుంటాయి, దాంతోపాటు బుడగనూ లోపలికి లాక్కుంటాయన్నది లెక్క. విడి మందు కన్నా ఇది గడ్డను మెరుగ్గా అదుపు చేసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో 1940లలో లెడర్లీ ప్రయోగశాల తయారుచేసిన ఫోలిక్ యాసిడే ఇది. ఇవాళ పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఫాల్‌ఫాక్స్ కీమోలో 5-ఎఫ్‌యూకు తోడుగా ఎక్కించే ఫోలినిక్ యాసిడ్ కూడా ఆ కుటుంబంలోదే.

అల్లం తర్వాత పసుపు. ఇక్కడ మనుషుల మీద చేసిన పరీక్షలు ఉన్నాయి కాబట్టి కాస్త ఆగి చూడాలి. పసుపులోని ప్రధాన పదార్థం కర్క్యుమిన్ రక్తంలోకి సరిగ్గా ఇంకదు. ఇంకినదాన్ని కూడా పేగు, కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పిపరిన్‌ను 20 మిల్లీగ్రాములు ఇస్తే, రక్తంలోకి చేరేది 2000 శాతం పెరిగిందని చూపించారు. నానో కర్క్యుమిన్ వ్యాపారమంతా ఇదే సమస్యకు ఇంకో జవాబు: రేణువు చిన్నదైతే ఎక్కువ ఇంకుతుంది. మిగతా అవయవాల సంగతి సరే, పెద్దపేగు విషయంలో మాత్రం ఇంకకపోవడం లోపమేనా? ఇంకని పసుపు పేగులోనే ఉంటుంది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో రోజుకు 3.6 గ్రాముల చొప్పున వారం రోజులు మామూలు కర్క్యుమిన్ మింగిన రోగుల పేగు ముక్కల్లో అది చెప్పుకోదగ్గ మోతాదులోనే కనిపించింది, రక్తంలో మాత్రం దాదాపు లేదు. రక్తంలో ఎన్ని రెట్లు పెరిగిందని గొప్పగా రాసుకునే నానో క్యాప్సూల్, పేగు క్యాన్సర్‌కు అవసరం లేని పరుగు పందెంలో గెలుస్తున్నట్టు.

మరి పేగుకు చేరిన కర్క్యుమిన్ ఏం చేసింది? రెండు పరీక్షలు రెండు రకాలుగా చెబుతున్నాయి. వంశపారంపర్యంగా పేగు నిండా పాలిప్‌లు వచ్చే జబ్బున్న 44 మందిలో కొందరికి రోజుకు 3 గ్రాముల కర్క్యుమిన్, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితం: పాలిప్‌ల సంఖ్యలో గానీ సైజులో గానీ తేడా లేదు. 2019లో లెస్టర్ నుంచి ఇంకోటి వచ్చింది. క్యాన్సర్ పాకిపోయిన 28 మందిలో కొందరికి ఫాల్‌ఫాక్స్ ఒక్కటే, ఎక్కువమందికి దానితో పాటు రోజుకు 2 గ్రాముల కర్క్యుమిన్. కర్క్యుమిన్ తీసుకున్నవారు మధ్యస్థంగా 502 రోజులు, తీసుకోనివారు 200 రోజులు బతికారు. ఈ రెండో పరీక్ష సంఖ్యలు చూసి గంతులేయాలనిపిస్తుంది. కానీ ఆ పరీక్ష ప్రధానంగా పెట్టింది ఈ జోడీ సురక్షితమా, రోగి తట్టుకోగలడా అని తేల్చడానికి. జబ్బు ముదరకుండా ఆగిన కాలంలో తేడా గణాంకపరంగా నిలబడలేదు. ఇంత చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురు రోగులు అటు ఇటు అయితే సంఖ్యలే మారిపోతాయి. పైగా రెండు పరీక్షల్లోనూ వాడింది నానో కర్క్యుమిన్ కాదు.

మొక్క బుడగల్లో కర్క్యుమిన్ పెట్టి పెద్దపేగు క్యాన్సర్ రోగులకే ఇచ్చి చూసే పరీక్షను అమెరికాలోని లూయీవిల్ యూనివర్సిటీ 2011లోనే నమోదు చేసింది. ఆపరేషన్‌కు ముందు కొన్ని రోజులు మింగించి, పేగు ముక్కలో ఎంత చేరిందో చూడటం ఉద్దేశం. అడగాల్సిన ప్రశ్న సరిగ్గా ఇదే. ఆ తర్వాత ఇన్నేళ్లు గడిచాయి. ఎలుకల మీద, గాజు పళ్లెంలోని కణాల మీద పరిశోధనా పత్రాలు ఏటేటా పెరిగాయి గానీ, మొక్కల నుంచి తీసిన ఏ నానో బుడగకూ పెద్దపేగు క్యాన్సర్ మందుగా అనుమతి రాలేదు.

ఎందుకు ఆగిందన్నదానికి మూలం మళ్లీ ఆ సెంట్రిఫ్యూజ్ గొట్టంలోనే ఉంది. మిక్సీలో రుబ్బినప్పుడు మొక్క కణాలు పగిలి, వాటి పొరల ముక్కలు చుట్టుకుని బుడగలవుతాయి. కణం తనంతట తాను బయటికి వదిలిన బుడగలూ అందులోనే ఉంటాయి. రెండింటినీ విడదీయడం కష్టం. అందుకే జాగ్రత్తగల పరిశోధకులు వీటిని ఎక్సోసోములు (కణం తనంతట తాను వదిలే బుడగలు) అనరు, ఎక్సోసోముల లాంటివి అంటారు. ఇక సరుకు సంగతి. ఎండు పసుపులో కర్క్యుమిన్ రకాన్ని బట్టి, నేలను బట్టి 2 నుంచి 5 శాతం దాకా మారుతుంది. నిజామాబాద్ యార్డులో, దుగ్గిరాలలో పసుపు కొనేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు, ధర కట్టేటప్పుడు దాన్నీ చూస్తారు. అలాంటి సరుకు నుంచి తీసిన బుడగల్లో ఈ బ్యాచ్‌కూ వచ్చే బ్యాచ్‌కూ కొవ్వు, ఆర్‌ఎన్‌ఏ, ఘాటు పదార్థం ఒకేలా ఉన్నాయని మందుల నియంత్రణ సంస్థ ముందు నిరూపించాలి. ఒక్క రసాయనంతో చేసిన మాత్రకు ఈ పరీక్ష తేలిక. వందల పదార్థాలున్న బుడగకు పనిచేస్తున్నది ఏదో తెలియకపోతే, దేన్ని కొలవాలో కూడా తెలియదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏల కథ దీనికి మంచి ఉదాహరణ. బియ్యంలోని ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ తిన్నవాళ్ల రక్తంలోకి చేరి కాలేయంలో పనిచేస్తుందని 2012లో చైనాలోని నాన్జింగ్ బృందం ప్రకటిస్తే పెద్ద సంచలనమైంది. ఇతరులు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. 2018లో లూయీవిల్ బృందం ఇంకాస్త నమ్మదగిన దారి చూపింది: అల్లం బుడగల్లోని ఆర్‌ఎన్‌ఏను పేగులోని లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా తీసుకుని, దాని వల్ల ఇంటర్‌ల్యూకిన్-22 పెరిగి, ఎలుకల్లో పేగువాపు తగ్గింది. అంటే బుడగ మన కణాలతో కన్నా ముందు పేగులోని సూక్ష్మజీవులతో మాట్లాడుతోందన్నమాట. ఇదే నిజమైతే, ఒకే మోతాదు ఇద్దరు మనుషుల్లో రెండు రకాలుగా పనిచేయడానికి ఇంకో కారణం దొరికినట్టే.

పేగు సూక్ష్మజీవులను మందుకు తాళంచెవిగా వాడుకోవడం మన దగ్గరా జరిగింది. గోరుచిక్కుడు గింజల బంకను జీర్ణాశయం, చిన్నపేగు కరిగించలేవు, పెద్దపేగులోని బ్యాక్టీరియా కరిగిస్తుంది. విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ ఫార్మసీ విభాగం ఈ బంకతో 5-ఎఫ్‌యూ మాత్రలకు పూత వేసి, మందు పెద్దపేగు చేరేదాకా బయటికి రాకుండా చేయొచ్చని 2002లో ప్రయోగశాలలో చూపింది. అందులో నానో ఏమీ లేదు. తర్వాత అదే ఆలోచనతో గోరుచిక్కుడు బంక, పెక్టిన్ పూతలున్న నానో రేణువులు చాలా చోట్ల వచ్చాయి.

నానో వెండి, నానో బంగారం గురించి పొడుగ్గా చెప్పుకోవాల్సింది లేదు. వేప, తులసి, మునగ, ఏ ఆకైనా సరే, దాని కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపితే రంగు మారి వెండి రేణువులు తయారవుతాయి. వాటిని హెచ్‌టీ-29, హెచ్‌సీటీ-116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద పోస్తే కణాలు చస్తాయి. చాలా కాలేజీల్లో పీహెచ్‌డీలు ఈ దారిలోనే నడుస్తున్నాయి. చంపుతున్నది వెండి. ఆకు పాత్ర దాన్ని రేణువుగా మార్చి నిలబెట్టడం. పళ్లెంలో క్యాన్సర్ కణాన్ని చంపడం కష్టమైన పనే కాదు, పక్కనున్న మంచి కణాన్ని వదిలేయడమే కష్టం, చాలా పత్రాల్లో కొలవనిదీ అదే.

ఇక మిగిలిన దారి అన్నిటికన్నా వింతైనది, బహుశా అన్నిటికన్నా పదునైనది. బొబ్బర్ల మొక్కకు కౌపీ మొజాయిక్ వైరస్ అనే తెగులు వస్తుంది. ఈ వైరస్ సుమారు 30 నానోమీటర్ల రేణువు. ప్రొటీన్ పలకలన్నీ ఒకే లెక్కలో పేర్చి ఉంటాయి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా రాదు. అల్లం బుడగలకు లేని గుణం ఇదే. మనిషి కణాల్లో ఈ వైరస్ పెరగదు. కానీ మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని పరాయిదని గుర్తుపట్టి మేలుకొంటుంది. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో నికోల్ స్టైన్‌మెట్స్ బృందం దీన్ని నేరుగా గడ్డలోకి ఎక్కించి, అంతవరకు గడ్డను పట్టించుకోని రోగనిరోధక కణాలు దాని మీదికి వెళ్లేలా చేసింది. తర్వాత ఒళ్లంతా తిరిగేలా ఎక్కించి చూస్తే, పెద్దపేగు క్యాన్సర్‌తో సహా పలు రకాల క్యాన్సర్లు ఎలుకల్లో పాకకుండా అడ్డుకుంది. సొంతంగా క్యాన్సర్ వచ్చిన పెంపుడు కుక్కల మీద కూడా గడ్డలోకి ఎక్కించే పద్ధతిని పరీక్షించారు. మందును గడ్డ దాకా మోసుకెళ్లాల్సిన అవసరం ఇక్కడ తగ్గుతుంది. రేణువు పని మందు మోయడం కన్నా నిద్రపోతున్న కాపలావాళ్లను లేపడం. పేగులోని గడ్డ కన్నా పాకిన క్యాన్సరే ప్రాణాంతకం కాబట్టి, ఎక్కువ ఆశ పెట్టుకోవాల్సింది అల్లం మీద కన్నా ఈ తెగులు మీదే అనిపిస్తుంది. ఇదీ ఇంకా ఆసుపత్రి మందు కాలేదు.

మొక్క నుంచి పెద్దపేగు క్యాన్సర్ మందు రావడం అసాధ్యమేమీ కాదు, ఒకటి వచ్చేసింది కూడా. చైనాకు చెందిన క్యాంప్టోథెకా చెట్టు నుంచి మన్రో వాల్, మన్‌సుఖ్ వానీ 1966లో క్యాంప్టోథెసిన్‌ను వేరుచేశారు. నీళ్లలో కరగదు కాబట్టి సోడియం లవణంగా మార్చి రోగులకిస్తే మూత్రాశయం దెబ్బతింది, 1970లలో పరీక్షలు ఆపేశారు. జపాన్‌లో దాన్ని కరిగేలా మార్చి ఇరినోటెకాన్ చేశారు. అమెరికాలో అనుమతి వచ్చింది 1996లో, అంటే 30 ఏళ్లకు. దాన్నే కొవ్వు బుడగలో పెట్టిన నానో రూపానికి 2015లో అనుమతి వచ్చింది, అది క్లోమ క్యాన్సర్‌కు. చెట్టులో ఉన్న పదార్థం మంచిదే, 30 ఏళ్లు పట్టింది మాత్రం దాన్ని చేరవేయడానికి.

ఈలోగా షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే నానో కర్క్యుమిన్ డబ్బాల సంగతి వేరే. అవి ఆహార సప్లిమెంట్లుగా అమ్ముడవుతాయి, క్యాన్సర్ మందుగా పరీక్ష దాటి రావు. ఎక్కువ ఇంకేలా చేయడమంటే కాలేయం మీద ఎక్కువ భారం వేయడం కూడా. పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న 10 కేసులను అమెరికా వైద్యుల బృందం ఒకటి వివరంగా నమోదు చేసింది, అందులో ఒకరు చనిపోయారు. కూరలో వేసుకునే పసుపుకు ఈ టెన్షన్ అక్కర్లేదు. కీమో నడుస్తున్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఇరినోటెకాన్‌ను ఒంట్లో విడగొట్టే ఎంజైముల్లో సీవైపీ3ఏ4 ఒకటి, పిపరిన్ దాన్ని అడ్డుకోగలదు. కాబట్టి మంచిదే కదా అని ఎవరో ఇచ్చిన డబ్బాను ఇంట్లో పెట్టుకుని మింగడం కన్నా, తర్వాతి కీమోకు వెళ్లేటప్పుడు సంచిలో వేసుకెళ్లి ఆంకాలజిస్టుకు చూపిస్తే, వెనక అట్ట మీది చిన్న అక్షరాల్లో పిపరిన్ ఉందో లేదో ఆయనే చూసి చెబుతారు.